తేలికైనదాన్నే ముందు పారేస్తున్నాం

పీడీఎఫ్ ఫైళ్ల గురించి వాదనలు సైజు దగ్గర మొదలై సైజు దగ్గరే ఆగిపోతుంటాయి. దరఖాస్తుల పోర్టల్ రెండు వందల కేబీ దాటనివ్వదు, మెయిల్ 25 ఎంబీ దాటనివ్వదు, ప్రెస్సు 300 డీపీఐకి తగ్గనివ్వదు. కింది సంవాదంలో మాట్లాడేది ఇద్దరు, ఇద్దరూ కల్పిత పాత్రలే. ఒకరు ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపే పెద్దాయన. కాగితం మీద అక్షరం ఎలా పడిందన్నదే ఆయన లెక్క. రెండోవారు ఆయన్ని బాబాయిగారూ అని పిలిచే చనువున్న లైబ్రేరియన్. అచ్చయిన ఇరవయ్యేళ్లకు కూడా ఆ పుస్తకంలో కావలసిన మాట దొరుకుతుందా అన్నది ఆమె పట్టింపు. నా మొగ్గు ఆమె వైపేనని ముందే చెప్పేస్తున్నాను. అయితే ఆయన వేసిన ప్రశ్నల్లో ఒకటి రెండింటికి తేలిక జవాబు లేదు, వాటిని అలాగే ఉంచాను.

ప్రెస్సాయన: నీ వాదన నాకు తెలుసమ్మా. ఒక్కో పనికి ఒక్కో పీడీఎఫ్ ఉండాలంటావు. అచ్చుకొకటి, వెబ్‌సైటుకొకటి, దాచుకోవడానికొకటి, చూపు లేనివాళ్లకొకటి. అసలు పీడీఎఫ్ పుట్టిందే ఈ గోల వదిలించడానికి కదా! 1991లో అడోబీ కంపెనీలో జాన్ వార్నాక్ కెమెలాట్ అనే ప్రాజెక్టు తలపెట్టింది దేనికి? ఏ కంప్యూటర్లో తయారైనా, ఎక్కడ తెరిచినా, ఏ ప్రింటర్లో తీసినా పేజీ ఒక్కలాగే కనబడాలని. 1993లో అదే పీడీఎఫ్ పేరుతో బయటికొచ్చింది. అందరికీ ఒకే ఫైలు అన్నదే దాని గొప్పతనం. నువ్వు దాన్ని నాలుగు చేస్తే రేపు ఏది అసలో, ఏది పాతదో ఎవడు తేలుస్తాడు? మూడో ప్రూఫు దిద్దిన ఫైలు ప్రెస్సుకొస్తుంది, రెండో ప్రూఫు ఫైలు వెబ్‌సైటుకెక్కుతుంది. పుస్తకమైతే సిగ్గుతో పోతుంది. అదే జీవో అయితే కోర్టు దాకా వెళ్తుంది. ప్రతులు పెరిగేకొద్దీ పొరపాట్లు పెరుగుతాయి, ఇది నా అనుభవం కాదు, లెక్క.

లైబ్రేరియన్: ఒప్పుకుంటాను బాబాయిగారూ, దానికి మందు కూడా చెబుతాను. ముందు ఒక్క సంగతి. అందరికీ ఒకే ఫైలు అన్న ఒప్పందాన్ని మొదట తెంచుకున్నది మీ అచ్చు రంగమే. 2001లో పీడీఎఫ్/ఎక్స్-1ఏ అని మీకంటూ ఒక ఐఎస్ఓ ప్రమాణం తెచ్చుకున్నారు. రంగులు నాలుగు సిరాల సీఎంవైకేలోనో స్పాట్ కలర్లలోనో ఉండాలి, ఫాంట్లన్నీ ఫైలు లోపలే ఉండాలి, ట్రాన్స్‌పరెన్సీ ఉండకూడదు. కారణం మీకే బాగా తెలుసు. తెరకు వాడే ఆర్‌జీబీ రంగుల్లో ఉన్న నల్లక్షరం సెపరేషన్‌లో నాలుగు ప్లేట్ల మీదికీ ఎక్కిందంటే, రిజిస్ట్రేషన్ వెంట్రుకవాసి తప్పినా అంచుల్లో ఎరుపూ నీలం తొంగిచూస్తాయి. ఫోన్లో చదివేవాళ్లకు ఆ బెడద లేదు. వాళ్లకు మూడు మిల్లీమీటర్ల బ్లీడూ కటింగ్ మార్కులూ అనవసరం, విషయసూచిక మీద వేలు పెడితే ఆ అధ్యాయం తెరుచుకోవాలి. 2005లో భద్రపరిచే ఫైళ్ల కోసం పీడీఎఫ్/ఏ వచ్చింది. అందులో పాస్‌వర్డు నిషేధం, స్క్రిప్టులు నిషేధం, ఫాంటు బయట ఉండటం నిషేధం. పెట్టె తాళంచెవి పోయాక వస్తువు ఉన్నా లేనట్టే కదా. 2012లో పీడీఎఫ్/యూఏ వచ్చింది. ఏది శీర్షిక, ఏది పేరా, బొమ్మలో ఏముంది, ఏది ముందు చదవాలి అన్నది ట్యాగులుగా ఫైల్లోనే ఉండాలంటుంది. ఈ కోరికలు ఒకదానికొకటి కొంత అడ్డు తగులుతాయి. అందుకే నేననేది, కాపాడుకోవలసిన మాతృక ఒక్కటే. మిగతావి అవసరం పడ్డప్పుడు దాన్నుంచి తీసుకుని, పని తీరాక పారేసే ప్రతులు. దిద్దుబాటు మాతృకలోనే జరగాలి, ప్రతిలో ఎవరూ వేలు పెట్టకూడదు. అప్పుడు మీరు భయపడుతున్న ప్రూఫుల తారుమారు జరగడానికి చోటే ఉండదు.

ప్రెస్సాయన: సరే, ఆ మాతృక నా దగ్గరే ఉంది. ప్రెస్సుకెళ్లే ఫైలుకు మించిన నాణ్యత ఎక్కడుంటుంది? ఆర్ట్ పేపర్ మీద 150 లైన్ల స్క్రీన్ వేస్తాం, బొమ్మల్లో దానికి రెండింతలు, అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండేలా చూస్తాం. న్యూస్‌ప్రింటుకు స్క్రీను ముతక కాబట్టి 200 చాలు. ఇక అక్షరాల తలనొప్పి లేకుండా అన్నిటినీ కర్వ్స్ చేసేస్తాం. అది బద్ధకంతో వచ్చిన అలవాటేం కాదు. అను అనే తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్లో కూర్చిన పుస్తకాన్ని ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే తెలుగు మాయమై ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వస్తాయి. ప్లేటు తీసి, ఫారం నడిచాక అది కంటబడితే కాగితం, ఇంకు, ఆ రోజు కూలీ అన్నీ గంగపాలు. కర్వ్స్ చేస్తే అక్షరం గీతగా మారిపోతుంది, ఎక్కడికి తీసుకెళ్లినా చెదరదు. ఆ ఫైలునే నీ వెబ్‌సైటుకు కుదించుకో, నీ బీరువాలో పెట్టుకో. నాకేం అభ్యంతరం లేదు.

లైబ్రేరియన్: నా గొడవంతా అక్కడే ఉంది. కర్వ్స్ చేసిన పుస్తకంలో గోదావరి అని వెతికితే ఒక్క చోటా దొరకదు. ఆ ఫైల్లో గోదావరి అన్న మాట లేదు, దాని ఆకారంలో కొన్ని వంపులున్నాయి. చూపు లేని పాఠకుల కంప్యూటర్లో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ ఆ పేజీ ముందు నోరు మూసుకుంటుంది. అంధుల కోసం పుస్తకాలను మార్చుకునే వెసులుబాటునిచ్చే మరాకేష్ ఒడంబడికను 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనది. హక్కు చేతిలో ఉంది, ఫైలు సహకరించదు. పోనీ, ఇంత పోగొట్టుకున్నందుకు సైజులోనైనా లాభం ఉందా? ఏ4 పేజీ నిండా తెలుగు ఉందనుకోండి, సుమారుగా రెండు వేల యూనికోడ్ సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, పేజీ మొత్తం ఆరు కేబీ. మూడు వందల పేజీలు కలిపినా రెండు ఎంబీ లోపే, అదీ ఏమాత్రం కుదించకుండా. అదే పేజీని 300 డీపీఐలో స్కాన్ చేస్తే అడ్డం 2,480, నిలువు 3,508, వెరసి 87 లక్షల పిక్సెళ్లు. కుదించకముందు గ్రేస్కేల్లో 8.7 ఎంబీ, రంగుల్లో 26 ఎంబీ. కర్వ్స్ లెక్కా ఇలాంటిదే. ఫాంటును ఫైలు లోపలే పెట్టి ఎంబెడ్ చేస్తే క అనే ఆకారం ఫైల్లో ఒక్కసారే ఉంటుంది, పుస్తకమంతా దాన్నే పిలుచుకుంటుంది. కర్వ్స్ చేస్తే క వచ్చిన ప్రతిచోటా ఆ వంపులన్నీ మళ్లీ రాయాలి. అంటే ఫైలు మొత్తంలో అతి తేలికైన భాగాన్ని, అక్షరాన్ని, ముందు పారేస్తున్నాం. దాని బొమ్మను మోసుకుంటున్నాం. ఆ తర్వాత బరువెక్కిందని బొమ్మను నలుపుతున్నాం. ప్లేటుకెళ్లే ప్రతిలో కర్వ్స్ చేసుకోండి, నేను అడ్డురాను. మాతృకలో మాత్రం ఫాంటు ఎంబెడ్ చేసి ఉంచండి. మీ పీడీఎఫ్/ఎక్స్ నియమం అడిగేదీ ఎంబెడ్ చేయమనే, గీతలు చేయమని కాదు.

ఇక్కడ నా మాట ఒకటి కలపాలి. ఈ తప్పు ప్రెస్సులకు మాత్రమే పరిమితమైనది కాదు, నిజానికి ఆఫీసుల్లోనే ఎక్కువ. కంప్యూటర్లో టైపైన ఉత్తర్వును ప్రింటు తీస్తారు, సంతకం, ముద్ర వేస్తారు, మళ్లీ స్కాన్ చేసి పెడతారు. అక్షరాలతో బయలుదేరిన కాగితం ఫొటోగా తిరిగొస్తుంది. ఆ ఫొటో పోర్టల్ పరిమితిని దాటిందని జిరాక్స్ షాపులో ఏదో ఉచిత వెబ్‌సైటులోకి ఎక్కించి కుదిస్తారు. కులం సర్టిఫికెట్టూ ఆధార్ కార్డూ ముక్కూమొహం తెలియని సర్వర్‌కు అప్పగించామన్న ధ్యాస అప్పుడెవరికీ ఉండదు. ఆరు కేబీల సమాచారానికి ఇంత ప్రయాణం!

ప్రెస్సాయన: కొత్త పుస్తకాల వరకు నీ లెక్క బాగానే ఉంది. పాతవాటి మాటేమిటి? అవి కాగితం మీదే ఉన్నాయి, స్కాన్ తప్ప గతి లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద ఎన్ని తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారో నీకు తెలుసు, ఇప్పుడవి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతున్నాయి. వంద ఎంబీ ఫైలును ఊళ్లో మామూలు ఫోనున్న పిల్లవాడు దింపుకోవాలంటే సిగ్నల్ నిలబడాలి, రోజువారీ డేటా మిగలాలి. నీ నాణ్యత చూసి మురవాలన్నా ముందు ఫైలు తెరుచుకోవాలిగా! 72 డీపీఐకి దించి పారేయి. చిన్న ఫైలే పేదవాడి ఫైలు. ఇందులో మళ్లీ శాస్త్రం ఎందుకు?

లైబ్రేరియన్: చిన్నదిగా ఉండాలన్న దాంట్లో మనకు తగాదా లేదు, దేన్ని కోసి చిన్నది చేస్తామన్నదే తగాదా. ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత పనిముట్టులో స్క్రీన్ అనే అమరిక బొమ్మల్ని 72కు దించుతుంది, ఈబుక్ 150కి, ప్రింటర్ 300కి. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. కాబట్టి పది పాయింట్ల అక్షరం 72 డీపీఐలో పది పిక్సెళ్ల ఎత్తులో ఇమడాలి. ఇంగ్లీషు అక్షరం ఎలాగో ఇరుక్కుంటుంది. తెలుగులో ఆ పదింట్లోనే తలకట్టు, గుడి, కింద వత్తు పట్టాలి. వత్తుకు మూడు నాలుగు పిక్సెళ్లు మిగిలితే గొప్ప. ద, ధ, థల తేడా అడుగున ఒక గీత, పొట్టలో ఒక చుక్క. ఆ చుక్క ముందుగా పోతుంది. పేద పిల్లవాడికి చదవరాని పుస్తకం ఇచ్చి డేటా మిగిల్చామనుకోవడం ఏం మేలు?

మీరు కోయాల్సింది రంగును. అచ్చు పుస్తకంలో పేజీ అంటే తెల్ల కాగితం, నల్ల సిరా. 150 డీపీఐ రంగుల పేజీ కుదించకముందు 6.5 ఎంబీ. అదే పేజీ నలుపు తెలుపుల్లో, పిక్సెలుకు ఒక్క బిట్టుతో, ఏకంగా 600 డీపీఐలో తీసినా 4.4 ఎంబీ లోపే. నాలుగింతలు పదునైన అక్షరం, అయినా తక్కువ బరువు. ఫ్యాక్సు యంత్రాల కోసం పుట్టిన గ్రూప్-4 పద్ధతిలో కుదిస్తే ఒక్క చుక్క పోకుండా మామూలు అచ్చు పేజీ వంద కేబీ చుట్టుపక్కలకొస్తుంది. ఫొటోలున్న పేజీలకు, మరకలు పట్టిన కాగితానికి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ అక్షరాలను ఒక పొరగా, వెనకున్న కాగితాన్ని మరో పొరగా విడదీసి, వెనక పొరను మాత్రమే గట్టిగా కుదించే మార్గం ఉంది, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాడేది అలాంటిదే.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. జేబీఐజీ2 అనే పద్ధతి పేజీలో ఒకేలా కనిపించే గుర్తులను వెతికి, ఒక్క బొమ్మనే అన్నిచోట్లా అతికిస్తుంది. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు జిరాక్స్ కంపెనీ స్కానర్లలో ఒక వింత పట్టుకున్నారు. ఇంటి ప్లాను స్కాన్ చేస్తే గదుల కొలతలే మారిపోయాయి. పట్టికల్లో 6 ఉన్నచోట 8 వచ్చింది. మసకబారిన అంకె అయితే అనుమానం వచ్చేది, ఇది నిగనిగలాడే తప్పంకె. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ సవరణలు విడుదల చేసింది. దగ్గరి పోలికలున్న అక్షరాలు దండిగా ఉన్న మన లిపికి ఆ పద్ధతిలో పోలికను బట్టి ఆకారాన్ని మార్చేసే రకం అసలు వద్దు. ఇక ఫోన్ల కోసం నిరపాయంగా చేయగలిగిన పని ఒకటుంది, లీనియరైజ్ చేయడం. ఫైలు పూర్తిగా దిగకముందే, సర్వర్ కూడా సహకరిస్తే, మొదటి పేజీ తెరుచుకుంటుంది. పోగొట్టుకునేదేమీ లేదు.

ప్రెస్సాయన: నువ్వు అంతగా దాచుకోమంటున్న ఆ అక్షరాలే కొంపలు ముంచిన సందర్భాలున్నాయి మరి. 2005లో ఇరాక్‌లో ఇటలీ గూఢచారి అధికారి కాలిపారి కాల్పుల్లో చనిపోయినప్పుడు అమెరికా సైన్యం నివేదిక విడుదల చేసింది. రహస్యమైన చోట్ల నల్లరంగు పూశారు. జనం ఆ పీడీఎఫ్‌లోంచి కాపీ చేసి వేరే చోట పేస్టు చేస్తే కింద ఉన్నదంతా బయటపడింది. 2019లో అమెరికా రాజకీయ సలహాదారు పాల్ మానఫర్ట్ లాయర్లు కోర్టులో వేసిన కాగితాల్లోనూ అదే కథ. ఫొటోగా మార్చి ఉంటే ఆ పరువు నిలిచేది కదా! ఇంకొకటి, సంతకం. కాగితం మీద ఆకుపచ్చ సిరా సంతకం, గుండ్రటి ముద్ర కనబడితేనే మన జనం నమ్ముతారు. స్కాన్ చేయకుండా అది ఎలా వస్తుంది? నీ సిద్ధాంతం కోసం ఆఫీసులు మారవమ్మా.

లైబ్రేరియన్: మొదటి దాంట్లో తప్పు అక్షరాలది కాదు, నల్లరంగుది. వాళ్లు పేజీ మీద ఒక నల్ల డబ్బా గీశారు, కిందున్న మాటను తీసేయలేదు. రహస్యం దాచాలంటే ఆ మాటను ఫైల్లోంచి తొలగించాలి, అందుకు రెడాక్షన్ అనే పని విడిగా ఉంది. అంతేకాదు, పీడీఎఫ్‌లో మార్పు చేసి సేవ్ చేసినప్పుడు చాలాసార్లు కొత్త భాగం చివర అతుకుతుంది, పాతది లోపల అలాగే పడి ఉంటుంది. కాబట్టి బయటికి పంపే ప్రతిని మొదటినుంచీ కొత్తగా రాయించి, పాత పొరలూ వ్యాఖ్యలూ తయారుచేసినవారి వివరాలూ తీసేయాలి. మీరన్నట్టు ఫొటోగా మార్చితే అప్పటికి రహస్యం నిలుస్తుంది, నిజమే. రహస్యం కాని తొంభై పేజీలు కూడా దాంతోపాటు మూగబోతాయి. నాలుగు మాటలు దాచడానికి పుస్తకమంతా మూయనక్కర్లేదు.

సంతకం సంగతి కష్టమైనదే, కాదనను. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి గుర్తింపు ఇచ్చి పాతికేళ్లవుతోంది. అది స్కాన్ అడగదు, పైగా తర్వాత ఎవరైనా ఫైలును మారిస్తే పట్టిస్తుంది. అయితే వరస తప్పకూడదు. కుదింపు ముందు, సంతకం తర్వాత. సంతకమైన ఫైలును కుదింపు పనిముట్టులో వేస్తే అది ఫైలును కొత్తగా రాస్తుంది, సంతకం చెల్లకుండా పోతుంది, చాలా పనిముట్లలో ట్యాగులూ రాలిపోతాయి. రెండు వందల కేబీ దాటకూడదన్న పోర్టల్ ఒకవైపు, డిజిటల్ సంతకం ఉన్న ధ్రువపత్రం మరోవైపు ఉంటే, దరఖాస్తుదారు కుదించి పంపేది సంతకం చచ్చిన కాగితం. ఇందులో దరఖాస్తుదారు తప్పేముంది? పరిమితి పెట్టేవాళ్లు దాన్ని కాస్త పెంచాలి. ముద్ర కనబడాలని పట్టుబట్టే ఆఫీసుల్లో సంతకమైన ఒక్క పేజీని స్కాన్ చేసి, మిగతా పేజీలను టైపు ఫైలు నుంచే కలపవచ్చు. అది సర్దుబాటే, పరిష్కారం అనను.

ప్రెస్సాయన: ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుతాను. నువ్వు చెప్పినట్టే ఫాంటు ఎంబెడ్ చేశాననుకో. అను ఫాంట్లు యూనికోడ్ కావు. అక్షరం కింద ఉండే సంకేతం తెలుగుది కాదు, ఇంగ్లీషు గుర్తుది. గోదావరి అని వెతికితే అప్పుడూ దొరకదు. పోనీ యూనికోడ్‌లోనే కూర్చిన పీడీఎఫ్‌లో కాపీ చేసి చూడు. వత్తులు ఎగిరిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి. ఇంగ్లీషుకు తయారైన వ్యవహారం ఇది. నువ్వు కాపాడుకోమంటున్న అక్షరం తెలుగు పీడీఎఫ్‌లో మొదటినుంచీ లేదు. లేనిదాన్ని నేనెలా పారేస్తాను?

లైబ్రేరియన్: ఇది గట్టి దెబ్బే. పీడీఎఫ్ దాచేది ముందుగా గీసిన ఆకారాలను, ఏ ఆకారం ఏ యూనికోడ్ సంకేతమో చెప్పే పట్టిక పక్కన వేరుగా ఉంటుంది. ఇంగ్లీషులో ఒక ఆకారానికి ఒక అక్షరం కాబట్టి పట్టిక సాఫీగా కుదురుతుంది. మనకు ఐత్వం ఒకే సంకేతం, గీసేటప్పుడు మాత్రం పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. వత్తులేమో కింద, పక్కన ఎక్కడెక్కడో కూర్చుంటాయి. ఫైలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అజాగ్రత్తగా ఉంటే తిరుగు ప్రయాణంలో మాట చెదిరిపోతుంది. దీనికి విరుగుడు ప్రమాణంలోనే ఉంది, యాక్చువల్ టెక్స్ట్ అంటారు. ఈ ఆకారాల గుంపు అసలు మాట ఇదీ అని ఫైల్లోనే రాసి పెట్టుకునే ఏర్పాటు. అన్ని పనిముట్లూ దాన్ని రాయవు, అన్ని రీడర్లూ దాన్ని చదవవు. అందుకే తెలుగు విషయంలో నేను ఒక మెట్టు ముందుకెళ్తాను. పీడీఎఫ్ ఒక్కదాన్నే మాతృక అనుకోవడం మనకు సరిపోదు, అది కూర్చిన మూలం ఫైలు, యూనికోడ్ పాఠం కూడా దానితో కలిపి దాచాలి. పీడీఎఫ్/ఏ-3 రకంలో ఆ మూలాన్ని పీడీఎఫ్ లోపలే జతచేయవచ్చు. ఆరు కేబీల లెక్క గుర్తుందిగా, పుస్తకం బరువు పెద్దగా పెరగదు. ఫోన్ కోసం ఆ పాఠం నుంచి, తెరకు తగ్గట్టు అమరే ఈపబ్ తీసుకోవచ్చు, అప్పుడు ఏ4 పేజీని వేళ్లతో అటూ ఇటూ లాగే అవస్థ తప్పుతుంది.

ప్రెస్సాయన: అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడి చూశాం. నూటికి నూరు రావు. పొల్లులూ సంయుక్తాక్షరాలూ అక్కడక్కడా దెబ్బతింటాయి. మళ్లీ ప్రూఫ్ రీడర్‌ను కూర్చోబెట్టాలి. ఆ కూలి ఎవరిస్తారు? రచయిత ఇవ్వడు, ఆయన పుస్తకాలమ్మి ఇంకా నా బిల్లే కట్టలేదు.

లైబ్రేరియన్: కొత్త పుస్తకాలకు ఆ ఖర్చు లేదు. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఫాంటుతో మొదలుపెడితే మార్పిడి అన్న మాటే రాదు. మీ ఆపరేటర్లకు అను కీబోర్డు అలవాటు కాబట్టి మొదటి రెండు మూడు పుస్తకాలు నెమ్మదిగా నడుస్తాయి, ఆ నష్టం మీదే, దాచను. పాతవాటి కూలికి నా దగ్గర జవాబు లేదు. కనీసం వాటిని మార్చగలిగే స్థితిలోనైనా ఉంచండి. కర్వ్స్ చేసిన పీడీఎఫ్ పక్కనే పేజ్‌మేకర్ ఫైలు, ఆ ఫాంటు, రచయిత రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతి, ఈ మూడూ ఒకే ఫోల్డర్లో పెట్టండి. డబ్బు ఎప్పుడొస్తే అప్పుడు ప్రూఫ్ రీడర్ వస్తారు.

ప్రెస్సాయన: పెడతాను. కానీ 2005కు ముందువన్నీ సీడీల్లో ఉన్నాయి, వాటిని చదివే డ్రైవు మా ఆఫీసులో ఒక్కటే పనిచేస్తోంది. మీ లైబ్రరీలో హార్డ్ డిస్క్ ఖాళీ ఉంటే చెప్పు, ముందు వాటిని దింపించేద్దాం.